దీపం బొమ్మ వెనుక: నర్సు వృత్తిని సమాజం చూసిన తీరు

మే 12వ తేదీన మీ ఇంట్లోని మొబైల్ ఫోన్‌ను ఒకసారి గమనించండి. చేతిలో దీపం పట్టుకుని నిలబడిన ఒక మహిళ బొమ్మ, దాని కింద నర్సులకు వందనాలు తెలిపే రెండు వాక్యాలు వాట్సాప్‌లో వస్తాయి. చూసినవారు దాన్ని మరో పదిమందికి పంపుతారు. మర్నాటికి ఆ బొమ్మ కనిపించదు. తక్కిన రోజుల్లో అదే ఫోన్‌లో నర్సు కనిపించే తీరు వేరుగా ఉంటుంది. హాస్యం పేరుతో తీసిన వీడియోలో ఆమె వెకిలిగా నవ్వే పాత్ర. ఆసుపత్రిలో రోగి బంధువులు తీసిన వీడియోలో ఆమె మాట వినిపించుకోని కఠినురాలు. కింద వ్యాఖ్యల్లో ఆమె నడవడి గురించి ముక్కూమొహం తెలియనివారు తీర్పులు చెబుతుంటారు.

ఒకే వృత్తి మీద ఇంత పూజ, ఇంత చులకన ఎలా కలిసి ఉన్నాయి? ఇది మొబైల్ ఫోన్లు వచ్చాక పుట్టిన ధోరణి అని చాలామంది అనుకుంటారు. చరిత్రను పరిశీలిస్తే అలా కాదని తెలుస్తుంది. ఈ రెండు బొమ్మలూ నూట డెబ్బై ఏళ్లకు పైగా పక్కపక్కనే నడుస్తున్నాయి. పత్రిక, నవల, సినిమా, టెలివిజన్, ఇప్పుడు సామాజిక మాధ్యమం, ఇలా వాటిని మోసిన వాహనాలు మాత్రమే మారాయి. ఈ ప్రసంగంలో ఆ బొమ్మలు ఎలా తయారయ్యాయో, అవి దేన్ని కప్పివేశాయో వరుసగా చూద్దాం.

పత్రికలు గీసిన దీపం

19వ శతాబ్ది తొలి సగంలో ఇంగ్లండులో డబ్బు తీసుకుని రోగులకు సేవ చేసే స్త్రీకి మంచిపేరు లేదు. చార్లెస్ డికెన్స్ 1843-44లో వెలువరించిన 'మార్టిన్ చజిల్‌విట్' నవలలో సారా గ్యాంప్ అనే నర్సు పాత్ర ఉంది. ఆమె తాగుబోతు, స్వార్థపరురాలు. ఆ పాత్ర ఎంత ప్రసిద్ధి పొందిందంటే, నర్సు అనగానే చాలాకాలం జనానికి ఆమే గుర్తుకువచ్చేది.

మరో పదేళ్లకు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన బొమ్మ పుట్టింది. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన బ్రిటిష్ సైనికుల దుస్థితిని పత్రికలు బయటపెట్టాయి. ఆ సంవత్సరం నవంబరులో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరుకున్నారు. రాత్రివేళ దీపం పట్టుకుని వార్డుల్లో తిరుగుతున్న ఆమె చిత్రాన్ని 1855 ఫిబ్రవరిలో లండను సచిత్ర పత్రిక ఒకటి ప్రచురించింది. ఆ చిత్రం ఇంటింటా గోడలకెక్కింది. మరో విశేషం గమనించండి. ఆమె వాడినది ఆ ప్రాంతంలో దొరికే మడత లాంతరు. తరువాతి చిత్రకారులు దాని స్థానంలో పాతకాలపు నూనె ప్రమిదను ఉంచారు. మన నర్సింగ్ కళాశాలల చిహ్నాల్లో, వాట్సాప్ బొమ్మల్లో ఇప్పటికీ ఉన్నది ఆ ప్రమిదే. అంటే మనం చూస్తున్నది ఆనాటి వస్తువును కాదు, ఒక ఊహను.

ఆ దీపం వెనుక మరుగునపడిన సంగతి ఇంకొకటి ఉంది. 1855 ఫిబ్రవరిలో స్కుటారిలో చేరిన రోగుల్లో నూటికి దాదాపు 42 మంది మరణించారు. జూన్ నాటికి ఆ సంఖ్య సుమారు 2కు తగ్గింది. మార్చిలో వచ్చిన పారిశుధ్య కమిషన్ మురుగుకాలువలను బాగుచేయించి, వార్డుల్లోకి గాలి ఆడేటట్లు చేసిన తరువాతే ఇది సాధ్యమైంది. యుద్ధం ముగిశాక నైటింగేల్ ఆ లెక్కలను పరిశీలించి, మరణాలకు గాయాలకన్నా అపరిశుభ్రతే పెద్ద కారణమని అంకెలతో, రేఖాచిత్రాలతో నిరూపించారు. లండన్‌లోని గణాంకశాస్త్ర సంఘంలో సభ్యత్వం పొందిన తొలి మహిళ ఆమే. 1860లో ఆమె పేరిట సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయం ప్రారంభమైంది.

ఆమె భారతదేశానికి ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి బ్రిటిష్ సైన్యం ఆరోగ్య పరిస్థితిపై నియమించిన రాయల్ కమిషన్ 1863లో ఇచ్చిన నివేదిక వెనుక ఆమె కృషి ఉంది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని ఆ నివేదిక తేల్చింది. లెక్కలు కట్టిన ఈ నైటింగేల్ ప్రజల మనసుల్లో నిలవలేదు. దీపం పట్టుకున్న నైటింగేల్ నిలిచింది. దయ ఉన్న స్త్రీగా గుర్తుంచుకున్నారు, శాస్త్రం తెలిసిన స్త్రీగా గుర్తుంచుకోలేదు. ఈ తేడాను మనసులో ఉంచుకోండి. మన దేశంలోనూ ఇదే తేడా పదేపదే ఎదురవుతుంది.

మన దేశంలో తొలి అడుగులు, మైల భయం

రోగిని చూసుకోవడం మన ఇళ్లలో తల్లి, అత్త, కోడలు చేసే పని. పురుడు పోయడానికి మంత్రసాని వచ్చేది. ఆమె నైపుణ్యం మీద ప్రాణాలు ఆధారపడేవి. అయినా నెత్తురు, పురిటి మైల తాకే పని కాబట్టి ఆ పనిని తక్కువ కులాలకు కట్టబెట్టారు. పిలిచేటప్పుడు అవసరం, పంపించేటప్పుడు అంటు. ఆధునిక నర్సింగ్ ఈ దేశంలో అడుగుపెట్టినప్పుడు దానికి ఎదురైన మొదటి అడ్డంకి ఈ మైల భావనే.

మద్రాసులో 1854లో మంత్రసానుల శిక్షణకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. 1885లో ఏర్పడిన లేడీ డఫరిన్ నిధి స్త్రీలకు స్త్రీల ద్వారానే వైద్యం అందించే లక్ష్యంతో ఆసుపత్రులకు, శిక్షణకు సహాయం చేసింది. 1888లో క్యాథరిన్ గ్రేస్ లాక్ నాయకత్వంలో కొద్దిమంది బ్రిటిష్ నర్సులు సైనిక ఆసుపత్రుల్లో పనిచేయడానికి ఇక్కడికి వచ్చారు.

అయితే శిక్షణకు ముందుకు వచ్చినవారు ఎవరు? అగ్రకుల హిందూ కుటుంబాలు, సంపన్న ముస్లిం కుటుంబాలు తమ ఆడపిల్లలను పంపలేదు. పరపురుషుల శరీరాన్ని తాకడం, రాత్రిపూట ఇంటి బయట ఉండడం, మలమూత్రాలు ఎత్తడం వారికి ఊహకందని విషయాలు. అందువల్ల తొలితరంలో ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవ మతం స్వీకరించిన కుటుంబాల ఆడపిల్లలు, ఆదరణ లేని వితంతువులు ఎక్కువగా చేరారు. ఈ స్త్రీలకు మిషన్ ఆసుపత్రులు చదువును, జీతాన్ని, నీడను ఇచ్చాయి. మన ప్రాంతానికి సంబంధించిన ఉదాహరణ గుంటూరులో ఉంది. అమెరికన్ లూథరన్ మిషన్‌కు చెందిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అక్కడికి వచ్చారు. 1898లో స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచారు. అక్కడ నర్సుల శిక్షణ కూడా సాగింది. తమిళ ప్రాంతంలోని వెల్లూరులో ఐడా స్కడర్ 1909లో నర్సింగ్ పాఠశాల ప్రారంభించారు. వైద్యవిద్యా శాఖ అక్కడ తెరుచుకున్నది 1918లో. అంటే డాక్టర్ల కంటే ముందు నర్సుల చదువే మొదలైందన్నమాట.

మీకు తెలిసిన 'సిస్టర్' అనే పిలుపును ఇక్కడ గమనించాలి. ఐరోపాలో రోగులసేవ చేసిన క్రైస్తవ సన్యాసినులను అలా పిలిచేవారు. బ్రిటిష్ ఆసుపత్రుల్లో వార్డు బాధ్యత చూసే నర్సు హోదా పేరు కూడా అదే. మన దేశంలో ఆ మాటకు ఇంకో ఉపయోగం కలిగింది. వరసకాని స్త్రీ మగరోగి చేయి పట్టుకున్నప్పుడు కలిగే ఇబ్బందిని 'అక్కాచెల్లెలు' వరస తొలగించింది. ఆ పిలుపులో ఆదరం ఉంది, సందేహం పెట్టుకున్న సంకోచం కూడా ఉంది. ఆమె చదువును గాని, హోదాను గాని ఆ పిలుపు చెప్పదు. మన పల్లెల్లో వినిపించే 'నర్సమ్మ' కూడా అంతే.

అదే కాలంలో ఈ మైల భావనను ధిక్కరించినవారు లేకపోలేదు. 1897లో పూనా ప్రాంతంలో ప్లేగు వ్యాపించినప్పుడు సావిత్రీబాయి ఫూలే, డాక్టరైన తన కుమారుడు యశ్వంత్‌తో కలిసి రోగులకు సేవ చేశారు. ఆ రోగమే సోకి ఆ సంవత్సరం మార్చి 10న మరణించారు. ఆమెను మనం తొలి ఉపాధ్యాయినిగా పాఠాల్లో చదువుతాం. ప్లేగు రోగుల సేవలో ప్రాణం విడిచిన సంగతి ఆ పాఠాల్లో చివరి వాక్యంగా మిగులుతుంది.

అంకెలు చెప్పిన నిజం

1908లో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. తమది సేవ మాత్రమే కాదు, శిక్షణ అవసరమైన వృత్తి అని నర్సులు సంఘంగా చెప్పడం ఇలా మొదలైంది. అయినా స్వాతంత్ర్యం వచ్చేనాటికి పరిస్థితి ఎలా ఉందో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక చెబుతుంది. అప్పటి భారతదేశంలో శిక్షణ పొందిన నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 మంది ప్రజలకు ఒక నర్సు. బ్రిటన్‌లో అప్పటికి 300 మందికి ఒకరు ఉన్నారు. నర్సులు పనిచేసే, నివసించే పరిస్థితులు చాలా దయనీయంగా ఉన్నాయని కూడా ఆ నివేదిక స్పష్టం చేసింది. ఆడపిల్లలు ఈ వృత్తిలోకి ఎందుకు రావడంలేదని అడిగేవారికి సగం సమాధానం అందులోనే దొరుకుతుంది. మిగిలిన సగం మనం పైన చెప్పుకున్న మైల భయం.

ఆ సంవత్సరమే ఢిల్లీలోను, వెల్లూరులోను నర్సింగ్‌లో పట్టభద్ర స్థాయి చదువు ప్రారంభమైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. తొలి ఆరోగ్యశాఖ మంత్రి రాజకుమారి అమృత్‌కౌర్ ఈ వృత్తికి అండగా నిలిచారు. ఢిల్లీ నర్సింగ్ కళాశాలకు తరువాత ఆమె పేరే పెట్టారు.

చాలామందికి తెలియని మరో విషయం చెబుతాను. మన సైన్యంలో మేజర్ జనరల్ హోదా పొందిన మొదటి మహిళ ఎవరు? ఆమె గెర్ట్రూడ్ అలీస్ రామ్. 1976 ఆగస్టులో ఆమెకు ఆ హోదా లభించింది. ఆమె సైనిక నర్సింగ్ సేవాదళానికి చెందినవారు. పోటీ పరీక్షలకు చదివే మీలో కొందరు ఈ పేరును బట్టీపట్టి ఉండవచ్చు. ఆమె వృత్తి ఏమిటో ఎంతమందికి గుర్తుంది?

వెండితెర మీది నర్సు

కళాశాలలు పెరిగినా జనం మనసులోని బొమ్మను తయారుచేసినది ఎక్కువగా సినిమా. 1959లో సుచిత్రాసేన్ నటించిన బెంగాలీ చిత్రం 'దీప్ జ్వేలే జాయ్' వచ్చింది. అదే కథతో 1960లో సావిత్రి కథానాయికగా తెలుగులో 'చివరకు మిగిలేది' వచ్చింది. తరువాత వహీదా రెహమాన్‌తో హిందీలో 'ఖామోషీ' తీశారు. మనసు చెదిరిన రోగిని నయం చేయడానికి నర్సు ప్రేమ నటించాలని డాక్టరు ఆదేశిస్తాడు. నటన నిజమవుతుంది. రోగి కోలుకుంటాడు, ఆమె మనసు చెదిరిపోతుంది. మూడు భాషల్లోనూ ప్రేక్షకులు కన్నీరు పెట్టుకున్నారు.

ఈ చిత్రాలు నర్సును గౌరవంగానే చూపాయి. అయితే ఎలాంటి గౌరవం? తనను తాను అర్పించుకున్నందుకు దక్కిన గౌరవం. ఆమె చికిత్స పద్ధతిని ప్రశ్నించదు, తన బాధ చెప్పుకోదు. తరువాతి దశాబ్దాల్లో మామూలు వాణిజ్య చిత్రాలు ఈ త్యాగమూర్తిని కూడా వదిలేశాయి. నర్సు హాస్యసన్నివేశానికి, కొంటె మాటలకు పనికివచ్చే పాత్రగా మారిపోయింది. ఈ రెండు రకాల సినిమాల్లోనూ మందు మోతాదు సరిచూసే నర్సు, రోగి ఊపిరి తేడాను డాక్టరు కంటే ముందు పసిగట్టే నర్సు కనిపించదు.

ఇలాంటి చులకన ఆసుపత్రి బయటే ఆగలేదు. 1973 నవంబరులో ముంబయిలోని ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తున్న యువ నర్సుపై అదే ఆసుపత్రి ఉద్యోగి దారుణంగా దాడి చేశాడు. ఆమె స్పృహ కోల్పోయింది. తమకు రక్షణ కావాలని నగరంలోని నర్సులు సమ్మె చేశారు. ఆమె 2015 మేలో మరణించేవరకు, దాదాపు 42 సంవత్సరాలు, ఆ ఆసుపత్రి నర్సులే తరతరాలుగా ఆమెను చూసుకున్నారు. ఆమెకు కారుణ్య మరణం ప్రసాదించాలని కోరిన పిటిషన్‌ను 2011లో తోసిపుచ్చుతూ సుప్రీంకోర్టు ఆ సేవను ప్రత్యేకంగా ప్రశంసించింది. ఇన్నేళ్లు మంచంలో ఉన్న మనిషికి పుండ్లు పడకుండా చూడడం ఎంత నిపుణతతో కూడిన పనో ఆసుపత్రి తెలిసినవారికి తెలుసు. పత్రికలు దాన్ని ప్రేమ అని రాశాయి. అది ప్రేమే, కాని ప్రేమ ఒక్కటే కాదు.

వలస తెచ్చిన కొత్త విలువ

నర్సు పట్ల సమాజ దృష్టిని ఎక్కువగా మార్చినది ఉపన్యాసాలు కావు, విదేశాల్లో దొరికిన ఉద్యోగాలు. 1960ల్లో కేరళ నుంచి ఎందరో యువతులు చర్చి సంస్థల ద్వారా పశ్చిమ జర్మనీకి వెళ్లారు. 1970ల నుంచి గల్ఫ్ దేశాలు, తరువాత అమెరికా, బ్రిటన్ వీరిని ఆహ్వానించాయి. వారు పంపిన డబ్బుతో ఇళ్లు లేచాయి, తమ్ముళ్లు చదివారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి. ఒకప్పుడు నర్సు సంబంధం వద్దన్న కుటుంబాలే నర్సు కోసం పెళ్లి ప్రకటనలు ఇవ్వసాగాయి. తెలుగు ప్రాంతాల్లోనూ నర్సింగ్ చదువును విదేశాలకు దారిగా చూడడం తరువాత పెరిగింది.

అయితే ఇక్కడ విలువ పెరిగినది వీసాకా, వృత్తికా? 2014లో ఇరాక్‌లోని తిక్రిత్ పట్టణంలో యుద్ధం మధ్య 46 మంది భారతీయ నర్సులు చిక్కుకున్నారు. వారిలో ఎక్కువమంది కేరళవారు. జులై 5న వారు క్షేమంగా కొచ్చి చేరినప్పుడు దేశమంతా సంతోషించింది. ఆ ఘటన ఆధారంగా సినిమాలు వచ్చాయి. కాని చదువు కోసం, ప్రయాణం కోసం చేసిన అప్పులు తీరలేదని, అందుకే తిరిగిరావడానికి మొదట జంకామని వారిలో కొందరు చెప్పిన మాట అంతగా ప్రచారం పొందలేదు. ఇక్కడే తగిన జీతం ఉంటే అక్కడికి ఎందుకు వెళ్తారన్న ప్రశ్న ఎవరూ గట్టిగా వేయలేదు.

చప్పట్లు, తలుపులు

ఇక సామాజిక మాధ్యమాల కాలానికి వద్దాం. 2018 మేలో కేరళలోని కోళికోడ్ జిల్లాలో నిపా వైరస్ వ్యాపించింది. పేరాంబ్ర ఆసుపత్రిలో రోగికి సేవచేసిన నర్సు లిని పుతుస్సేరికి అది సోకి, మే 21న ఆమె మరణించారు. భర్తకు ఆమె రాసిన చివరి ఉత్తరం ఫోన్ల ద్వారా దేశమంతా చేరింది. లక్షలాదిమంది చదివి కంటతడి పెట్టారు. ఒక చిన్న పట్టణంలోని నర్సు పేరు ఇంతమంది నోట పలకడం మునుపు అరుదు.

2020వ సంవత్సరాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ముందే ప్రకటించింది. అనుకోకుండా అదే సంవత్సరం కోవిడ్ వచ్చింది. మార్చి 22న సాయంత్రం 5 గంటలకు దేశమంతా చప్పట్లు కొట్టి, పళ్లేలు మోగించింది. మే 3న హెలికాప్టర్లు ఆసుపత్రులపై పూలు చల్లాయి. ఆ దృశ్యాలన్నీ ఫోన్లలో తిరిగాయి.

అదే వారాల్లో ఇంకొన్ని దృశ్యాలు కూడా తిరిగాయి. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న యజమానులు, మెట్ల మీద ఎదురుపడితే తప్పుకున్న పొరుగువారు, ఆరోగ్య సిబ్బందిపై రాళ్లు. చివరకు ఏప్రిల్ 22న కేంద్ర ప్రభుత్వం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తేవలసివచ్చింది. సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే 7 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చని అది చెప్పింది. మే నెలలో కోల్‌కతాలోని ప్రైవేటు ఆసుపత్రుల నుంచి మణిపూర్, తదితర రాష్ట్రాలకు చెందిన వందలాది నర్సులు ఉద్యోగాలు వదిలి వెళ్లిపోయారు. వారి ముఖకవళికలను చూసి 'కరోనా' అని ఎగతాళి చేసినవారు ఉన్నారని కొందరు చెప్పారు.

చప్పట్లు కొట్టిన చేతులే తలుపులు వేశాయా? కొన్నిచోట్ల అవును. ఇందులో వింత లేదు. పురుడు పోసిన మంత్రసానిని గడప బయట నిలబెట్టిన పాత అలవాటే ఇది. మైల స్థానంలో వైరస్ వచ్చింది, అంతే.

2022 ఏప్రిల్‌లో మరో ఘటన జరిగింది. నర్సింగ్ విద్యార్థుల కోసం రాసిన ఒక సమాజశాస్త్ర పుస్తకంలోని పేజీ ఫొటో సామాజిక మాధ్యమాల్లో వ్యాపించింది. కట్నం వల్ల ప్రయోజనాలు అంటూ అందులో ఒక జాబితా ఉంది. అందంగా లేని ఆడపిల్లలకు కట్నం వల్ల పెళ్లి అవుతుందన్న అర్థం వచ్చే మాట కూడా ఉంది. దేశమంతా నిరసన వచ్చింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఆ రాతను ఖండించింది. అప్పటిదాకా తరగతి గదిలో ఉండిపోయిన ఒక పేజీని కోట్లమంది ముందుకు తెచ్చినది సామాజిక మాధ్యమమే. అంటే అది అవమానాన్నే కాదు, ప్రశ్నను కూడా మోయగలదు.

నర్సులే మాట్లాడినప్పుడు

ఇప్పటివరకు చెప్పుకున్న బొమ్మలన్నిటిలో ఒక పోలిక ఉంది. నవలాకారుడు, చిత్రకారుడు, దర్శకుడు, చప్పట్లు కొట్టిన పౌరుడు, వీరందరూ నర్సు గురించి మాట్లాడారు. నర్సు మాట్లాడలేదు. నర్సులు స్వయంగా మాట్లాడినప్పుడు వారు చెప్పిన విషయాలు వేరు.

2011-12లో ఢిల్లీ, ముంబయి, కేరళలోని ప్రైవేటు ఆసుపత్రుల నర్సులు వరుసగా సమ్మెలు చేశారు. ఉద్యోగంలో చేరేటప్పుడు అసలు సర్టిఫికెట్లు ఆసుపత్రివారు తీసిపెట్టుకోవడం, బాండు పేరుతో మధ్యలో మానేస్తే డబ్బు కట్టమనడం, కొద్దిపాటి జీతానికి అధిక గంటలు పనిచేయించడం వారి ఫిర్యాదులు. ఊరూవాడా చెదిరి ఉన్న నర్సులు ఒకరినొకరు కలుసుకోవడానికి ఫేస్‌బుక్, మొబైల్ సందేశాలు తోడ్పడ్డాయి. సమ్మె చేయగానే కొందరు వారిని విమర్శించారు. దేవతలు జీతం అడుగుతారా అన్నది ఆ విమర్శల సారాంశం. పూజ వల్ల కలిగే నష్టం ఇక్కడ బయటపడుతుంది. త్యాగమూర్తి అని పీట వేసినవారే, ఆమె పీట దిగి జీతం మాట ఎత్తితే కోపగించుకుంటారు.

2016 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయంలో కమిటీ వేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. 2018 ఏప్రిల్‌లో కేరళ ప్రభుత్వం ఆ మేరకు కనీస వేతనాన్ని ప్రకటించింది. సిఫారసు దేశానికంతటికీ ఒకటే అయినా అమలు అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'స్టాఫ్ నర్సు' అన్న పేరు 2016లో 'నర్సింగ్ ఆఫీసర్'గా మారింది. 1947 నాటి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది.

సంఖ్య విషయానికి వస్తే 1946తో పోల్చినప్పుడు మనం ఎంతో దూరం వచ్చాం. ఈ దశాబ్దం తొలి సంవత్సరాల్లో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం ప్రతి 1,000 మందికి 1.96 నర్సులు నమోదై ఉన్నారు. ఉండవలసినది 3. సాధారణ ఆసుపత్రిలో ఐదుగురు రోగులకు, బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మీ ఊరి ఆసుపత్రి వార్డులో రాత్రిపూట ఎంతమందికి ఒక నర్సు ఉన్నారో లెక్కపెట్టండి. పిలిచినా పలకలేదని వీడియో తీసి పెట్టే బంధువు కెమెరాలో ఆ లెక్క కనిపించదు.

ముగింపు

విద్యార్థులారా, నర్సుల్లో తప్పు చేసేవారు లేరని ఈ ప్రసంగం చెప్పడంలేదు. ఏ వృత్తిలోనైనా ఉంటారు, వారిని ప్రశ్నించే హక్కు రోగికి ఉంది. చరిత్ర మనకు చెప్పేది వేరొకటి. దేవత అన్న బొమ్మ, చులకన చేసే బొమ్మ పైకి విరుద్ధంగా కనిపించినా రెండూ చేసే పని ఒకటే. రెండూ ఆమె చదువును, ఆమె నైపుణ్యాన్ని, ఆమె జీతాన్ని మన కంటికి కనిపించకుండా చేస్తాయి. నైటింగేల్ లెక్కలను దీపం కప్పేసింది. కోవిడ్ కాలపు నర్సుల పనివేళలను చప్పట్లు కప్పేశాయి.

ఇకమీదట నర్సు గురించి ఏ బొమ్మ, ఏ వీడియో మీ ఫోన్‌కు వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో మాట్లాడుతున్నది ఎవరు, నర్సా లేక ఆమె గురించి ఇంకొకరా? ఆమె చేస్తున్న పని ఇందులో కనిపిస్తోందా? ఆ వార్డులో ఎంతమంది రోగులకు ఆమె ఒక్కతే ఉంది? సమాధానం దొరకకపోతే దాన్ని ఇంకొకరికి పంపకండి.

మీకు ఒక చిన్న పని కూడా అప్పగిస్తాను. మీ గ్రామంలోనో, వీధిలోనో పదవీ విరమణ చేసిన నర్సుగాని, ఏఎన్ఎంగాని తప్పక ఉంటారు. వారి దగ్గరకు వెళ్లి, ఎక్కడ చదువుకున్నారో, మొదటి జీతం ఎంతో, ఇంట్లోవారు ఒప్పుకున్నారో లేదో, మొదటి రాత్రి డ్యూటీ ఎలా గడిచిందో అడిగి రాసుకోండి. రాసుకున్నది వారికి చదివి వినిపించి, తప్పులు దిద్దించుకోండి. ఈ వృత్తి చరిత్రలో ఇప్పటికీ తక్కువగా ఉన్నది ఆ మాటలే.